నకలు లేని హార్డ్‌డిస్కు: జగదేవ్‌పూర్ మండల ప్రజలకు విన్నపము



పహాణీ నకలు కొరకు పట్వారీ గడప తొక్కిన పెద్దలు ఇంకను మన నడుమ నుండగనే, 2016 అక్టోబరు 11న మన మండలము సిద్దిపేట జిల్లాలో చేరిన నాటికే, కాగితపు కట్టల స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. భూముల వివరములు సర్కారు సర్వర్లలో నుండును గనుక వాని రక్షణభారము సర్కారుది. ఫొటోస్టూడియోలలోని పెండ్లి వీడియోలు, జిరాక్సు సెంటర్లలో టైపైన దస్తావేజులు, బడులలోని మార్కుల పట్టికలు, మహిళా సంఘముల లెక్కలు, గతించిన తాతగారి ఒక్కగానొక్క ఫొటో మాత్రము ఏ సర్వరునకును చేరక, ఎక్కడి కక్కడ ఒక్కొక్క హార్డ్‌డిస్కునే నమ్ముకొని యున్నవి. ఈ స్థితి మారవలెననియు, మార్చుటకు గ్రామసభలే పూనుకొనవలెననియు విన్నవించుటకై ఈ కరపత్రమును మీ ముందుంచుచున్నాము.

హార్డ్‌డిస్కు లోపల నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగు పళ్లెములపై, తల వెంట్రుక మందములో వేయవ వంతునకు తక్కువైన ఎడముతో, చదువు ముల్లు తేలుచుండును. తిరుగుచున్న వేళ బల్ల కదలినను, చేతినుండి జారినను ఆ ముల్లు పళ్లెమును గీయును. కరెంటు హఠాత్తుగా పోయినచో వ్రాయుచున్న ఫైలు సగములో తెగును. ఓల్టేజి ఎగసినచో అడుగునున్న సర్క్యూటు బోర్డు మాడును. ఎండకాలపు వేడిమి, దుమ్ము, యూపీఎస్ లేని సిస్టములు మనకు నిత్యానుభవములే. 1956లో ఐబీఎమ్ తొలి డిస్కుయంత్రము గదిలో కొంతభాగము నాక్రమించియు 5 మెగాబైట్లను మాత్రమే దాచగలిగినది; నేడు జేబులో పట్టు డిస్కులో ఒక ఊరి పెండ్లిండ్లన్నియు ఇముడును గాన, ఒక్క దెబ్బకు పోవునదియు అంతకంతకు పెరిగినది.

చెడుచున్న డిస్కు చాలమారులు ముందుగానే తెలియజేయును. ఫోల్డరు తెరచుటకు నిమిషములు పట్టును, ఫైళ్ల పేర్లు వికృతమగును, సిస్టము నడుమ నడుమ బిగుసుకొనును. అన్నిటికంటె ప్రమాదకరమైన గుర్తు టిక్కు టిక్కుమను శబ్దము: ముల్లు తన గుర్తులను చదువలేక మొదటి చోటికి మరలి, మరల ప్రయత్నించి, మరల విఫలమగుటవలన పుట్టు చప్పుడది. అట్టి సమయమున మనవారు చేయు పనులను తలచిన బాధ కలుగును. పదిమారులు ఆపి పదిమారులు ఆన్ చేయుదురు. తెలిసినవా డొకడు ఫార్మాటు కొట్టుమనును, మరియొకడు చెక్‌డిస్కు నడుపుమనును. ఫ్రిజ్జులో పెట్టినచో బాగగునని చెప్పువారును కలరు. చెక్‌డిస్కు ఫైళ్ల పట్టికను సరిచేయు నెపమున చెడుచున్న డిస్కుపై వ్రాయుట కారంభించి, దక్కవలసినదానిని గూడ చెరుపవచ్చును. ఫ్రిజ్జునుండి తీసిన డిస్కు లోపల చెమ్మ పట్టును. మూత విప్పినచో ఒక్క ధూళికణము చాలును.

చేయవలసినది వేరు. శబ్దము వచ్చుచున్నచో వెంటనే కరెంటు తీసి, డిస్కును కదల్పక, రికవరీ నేర్చినవారి కప్పగింపవలెను. శబ్దము లేక నెమ్మదించుట మాత్రమే యున్నచో, దానిపై క్రొత్తగా ఏమియు వ్రాయక, అంతకంటె పెద్దదైన మంచి డిస్కు తెచ్చి, మొదట ముఖ్యమైన ఫైళ్లను, పిమ్మట మిగిలినవానిని నకలు తీయవలెను. డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనములు చదువ వీలైన భాగములను ముందు గ్రహించి, మొండికేసిన భాగములను చివరకు వదలును. బాగుచేయుట, ఫార్మాటు, అమ్మకము ఇవన్నియు నకలు చేతికి వచ్చిన తరువాతి మాటలు.

అయితే రికవరీ వేలరూపాయల పని; అంత ఖర్చు చేసియు రిక్తహస్తములతో తిరిగి వచ్చువారు కలరు. ఆ దుఃస్థితి రాకుండ చేయు ఉపాయము మన భాషాచరిత్రలోనే యున్నది. 19వ శతాబ్దములో సి.పి. బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి, శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథములకు క్రొత్త ప్రతులు వ్రాయించుటచేతనే ఎన్నియో తెలుగు కావ్యములు చెదలపాలు గాక మిగిలినవి. మన కాలములో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాను చేయించిన వేలాది తెలుగు పుస్తకములు, ఆ వేదిక మూతపడినను నేటికి చదువ దొరకుచున్నవనిన, ఇంటర్నెట్ ఆర్కైవులో అంతకుముందే ఎవరో శ్రద్ధతో నకళ్లు చేర్చియుంచుటయే కారణము.

కావున మా ప్రతిపాదన యిది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము రెండు నెలల కొకమారు గ్రామసభ జరుపవలెనని విధించుచున్నది. ఆ సభ జరుగు వారమునే నకలు వారముగా తీర్మానింపుడు. బడి, సంఘము, స్టూడియో, జిరాక్సు సెంటరు, ప్రతియొక్కటియు తన ముఖ్యమైన ఫైళ్లకు అసలుతో కలిపి మూడు ప్రతు లుంచవలెను. అందొకటి ఊరు దాటి, గజ్వేలులోనో భువనగిరిలోనో నమ్మకమైన చుట్టాల యింట నుండవలెను, లేదా క్లౌడులో నుండవలెను. ఒకే బల్ల సొరుగులో నున్న రెండు డిస్కులను ఒకే దొంగ, ఒకే మంట, ఒకే పిడుగు హరింపగలవు. తీసిన నకలును తెరచి చూడవలెను. తెరువని నకలును నమ్మరాదు. పెన్‌డ్రైవులో ఏండ్లతరబడి దాచి నిశ్చింతగా నుండుటయు తగదు. స్టూడియోవారు పెండ్లివారికి వీడియో నప్పగించునాడే, రెండవ నకలు తీసికొనుడని స్పష్టముగా చెప్పవలెను.

ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. రక్షింపవలసినది నకలు తీసి రక్షింపుడు, ఉంచుకొనరానిది చెరిపి రక్షింపుడు. జిరాక్సు కొరకు వచ్చిన రైతు ఆధారు, బ్యాంకు పాసుబుక్కు స్కాన్లు నెలలతరబడి దుకాణపు సిస్టములో పడియుండుట ఆ రైతునకు చేయు ద్రోహము. పాత డిస్కును పాతసామానుల వానికి వేయుచో, డిలీటు చేసిన ఫైళ్లు దానినుండి మరల పైకి తీయవచ్చునని యెరిగి, పూర్తిగా తుడిపించియో పళ్లెములను పగులగొట్టియో వేయవలెను.

ఖర్చు ఎక్కువని కొందరందురు. ఒక డిస్కు వెల ఒక పెండ్లి ఆల్బము వెలకంటె తక్కువ. సంఘములు, బడులు చందా వేసికొని కలిసి కొనవచ్చును. ఏటేట మార్చి 31న లెక్కలు ముగించునప్పుడు ఆ సంవత్సరపు నకలును వేరుగా భద్రపరచుట పెద్ద శ్రమ కాదు. హైస్కూలులో కంప్యూటరు నేర్చిన పిల్లలు తమ తల్లిదండ్రులకు ఈ పని నేర్పగలరు.

వచ్చు గ్రామసభలో ఈ తీర్మానమును మీరే లేచి ప్రతిపాదింపుడు. ఇప్పటికే డిస్కు చప్పుడు చేయుచున్నవారు మాత్రము సభకొరకు వేచియుండక, ఈ కాగితము చదివిన వెంటనే ప్లగ్గు తీయుడు.