మా ఇంటి కబుర్లు: ఎవరి కోసం నాన్నా ఇది?

పోయిన సంచికలో ఆవకాయ గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. అందరికీ కృతజ్ఞతలు. అలా ఫోన్ చేసినవాళ్ళలో నలభై ఏళ్ళలోపు వాళ్ళు ఒక్కరూ లేరన్న సంగతి మాత్రం మొన్నటిదాకా నాకు తట్టలేదు. తట్టేలా చేసింది మా అమ్మాయి.

దానికి పదహారేళ్ళు. స్కూల్లో మీడియా స్టడీస్ తీసుకుంది. "అదేం చదువురా, డాక్టరు సీటుకి పనికొస్తుందా?" అని మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంది. ఈ టర్మ్‌లో దానికిచ్చిన పని, ఒక సంగీత పత్రికకి ముఖచిత్రం, విషయసూచిక, లోపల రెండు పేజీలు తయారు చెయ్యడం. ముందుగా పాత పత్రికలు చూసి ఏది ఎవరిని ఎలా ఆకట్టుకుంటుందో రాయాలట.

ఛారిటీ షాపులన్నీ తిరిగి ఓ సంచీడు పత్రికలు తెచ్చి హాల్లో కార్పెట్ మీద పరిచింది. నేను కాఫీ కప్పుతో పక్కన చేరాను. ఇక పాఠం మొదలైంది.

'కెరాంగ్' 1981లో మొదలైన రాక్ సంగీత పత్రిక. గిటారు తీగల్ని గట్టిగా మీటితే వచ్చే చప్పుడే దాని పేరు. ఆ పేరులోని అక్షరాలు పగిలిన అద్దంలా ఉంటాయి. పేజీలో ఎక్కడా ఖాళీ లేదు. "కంటికి ఊపిరాడట్లేదేమిటే?" అన్నాను. "ఆ పాటలు వినేవాళ్ళకి అలాగే కావాలి నాన్నా" అంది. 'మోజో' 1993లో వచ్చింది. బీటిల్స్, బాబ్ డిలన్ లాంటివాళ్ళ మీద పొడుగాటి వ్యాసాలు. "ఇది నీలాంటివాళ్ళకి. తీరిగ్గా కూర్చుని చదువుతారు."

షాపుల్లో పత్రికల్ని ఒకదాని మీద ఒకటి వచ్చేలా పేరుస్తారు కాబట్టి చాలాసార్లు ఎడమ అంచే కనిపిస్తుందట. అందుకే ఊరించే మాటలు ఆ వైపున వేస్తారట. ముఖచిత్రం మీద గాయకుడు తిన్నగా మన కళ్ళలోకి చూస్తాడు, "నీతోనే మాట్లాడుతున్నాను" అన్నట్టు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది 'స్మాష్ హిట్స్'. 1978లో మొదలై 2006లో ఆగిపోయింది. బడి పిల్లల పత్రిక. కళ్ళు చెదిరే రంగులు, అడుగడుగునా ఆశ్చర్యార్థకాలు, గోడకి అంటించుకునే పోస్టర్లు. వీటికి తోడు హిట్ పాటల సాహిత్యం అచ్చువేసేవారు. పిల్లలు చూసి పాడుకునేవారు.

"ఉండు!" అని లాఫ్ట్ ఎక్కి నా పాత ట్రంకుపెట్టె దించాను. అందులో మా ఊరి సినిమా హాళ్ళ దగ్గర కొన్న పాటల పుస్తకాలు! నాసిరకం కాగితం, అట్ట మీద హీరో హీరోయిన్లు, లోపల పాటలు, సగం కథ చెప్పి "మిగతాది వెండితెరపై చూడండి" అన్న ముక్తాయింపు. మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఇదీ స్మాష్ హిట్సే కదా నాన్నా!" అని వాటిని కూడా ఆ వరసలోనే పేర్చింది.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు దాని చూపు బల్ల మీదున్న మన సంఘం పత్రిక మీద పడింది. ముఖచిత్రం మీద ఉగాది వేడుకల్లో దీపం వెలిగిస్తున్న మా కమిటీ సభ్యులం.

"ఇది ఎవరి కోసం నాన్నా?"

"మనందరి కోసం. ముఖ్యంగా మీ పిల్లల కోసం."

అది మాట్లాడకుండా పేజీలు తిప్పింది. పిల్లల పేజీ ఎక్కడో చివర్లో దొరికింది. సన్నటి అక్షరాల్లో వేమన పద్యం, దాని కింద పద్యం కన్నా కష్టమైన తాత్పర్యం. "ఆదివారం క్లాసులో నేను తెలుగు చదవడం నేర్చుకున్నాను. కానీ నిదానంగా చదువుతాను. ఈ పేజీ నాకోసం అని ఎప్పుడూ అనిపించలేదు" అంది.

"మరి నా కాలమ్?" అనడిగాను.

తల దించుకుంది. ఇన్నాళ్ళుగా రాస్తున్నాను, దాని గురించే ఎన్నోసార్లు రాశాను. ఒక్కటీ చదవలేదట.

కాస్త ఉక్రోషం వచ్చింది. "ఇన్ని హంగులున్నవే మూతబడ్డాయి. 1952లో ఈ దేశంలో మొట్టమొదటి సింగిల్స్ చార్టు వేసిన 'ఎన్‌ఎమ్‌ఈ'కే 2015లో ఉచితంగా పంచాల్సిన గతి పట్టింది. 2018లో ఆ వారపత్రిక అచ్చే ఆగిపోయింది. అక్షరాలు పెద్దవి చేస్తే పిల్లలు వచ్చేస్తారా?" అన్నాను.

"వాళ్ళ పాఠకులు ఫోన్లలోకి వెళ్ళిపోయారు నాన్నా. నేను ఇక్కడే, ఈ సోఫాలోనే ఉన్నాను కదా!"

నా దగ్గర జవాబు లేదు.

కమిటీతో మాట్లాడాను. వచ్చే సంచికలో మధ్య రెండు పేజీలు మా అమ్మాయీ, దాని స్నేహితులూ తయారు చేస్తారు. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు. మీ పిల్లలకి నచ్చిన తెలుగు పాట ఏదో, ఎందుకు నచ్చిందో నాలుగు ముక్కలు రాయించి పంపండి. తప్పులున్నా ఫరవాలేదు. ఒక్కటే షరతు: అమ్మానాన్నలు రాసిచ్చినవి వేసుకోరట!

అన్నట్టు, ఈ వ్యాసం అచ్చుకి పంపేముందు మా అమ్మాయికి పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇచ్చాను. అరగంట పట్టింది. 'ఉక్రోషం' అంటే ఏమిటని అడిగింది. చెప్పాను.