కిట్టా... టూరా?

మా టేకులపల్లి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఈ వారం ఒకటే రచ్చ. ఉద్యోగాలు చేస్తున్న కొందరం తలా కొంత వేసుకుని ఊళ్లో పిల్లలకు సమ్మర్ క్రికెట్ క్యాంప్ నడుపుతున్నాం. ఖర్చులు పోను 12 వేలు మిగిలాయి. కొత్త బ్యాట్లు, ప్యాడ్లు కొందామని సగం మంది. పిల్లల్ని కిన్నెరసానికి తీసుకెళ్దామని మిగతా సగం. ‘టూర్‌కి పోతే కవర్ డ్రైవ్ వస్తదా?’ అని ఒకడి సెటైర్.

నా ఓటు టూర్‌కే. ఎందుకో చెప్తా.

2023 జనవరి 29న దక్షిణాఫ్రికాలో మన అమ్మాయిలు ఇంగ్లండ్‌ను 68కే ఆలౌట్ చేసి, మొట్టమొదటి అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ కొట్టారు. ఆ టీమ్‌లో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ఉంది. మూడు రోజులకే బీసీసీఐ వాళ్లను అహ్మదాబాద్ స్టేడియానికి పిలిచింది. సచిన్ చేతుల మీదుగా సన్మానం, 5 కోట్ల నజరానా. అదే రోజు అక్కడే న్యూజిలాండ్ మీద గిల్ 126 నాటౌట్! 2025 ప్రపంచకప్‌లో త్రిష 309 పరుగులు, 7 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద టోర్నీ అయింది. ఆ ఒక్క ట్రిప్ వల్లే అయిందని అనను. కూతురి ఆట కోసం ఆ కుటుంబం భద్రాచలం వదిలి హైదరాబాద్ చేరింది. ఆ కష్టం వేరు.

నేననేది ఒక్కటే. గెలిచినవాళ్లను అందరూ పిలుస్తారు. ఇంకా ఏమీ గెలవని పిల్లల్ని ఎవరు పిలుస్తారు?

మా క్యాంప్‌లో సగం మంది తండాల నుంచి, కోయగూడేల నుంచి వచ్చేవాళ్లే. తునికాకు సీజన్‌లో తెల్లారకముందే అమ్మానాన్నలతో అడవికి పోయొచ్చి, సాయంత్రం గ్రౌండ్‌కి వస్తారు. ఇక్కడా తిట్లు, పరుగులే అయితే ఆట కూడా ఇంకో కూలి పనే. ఈసారి ఆరుగురు అమ్మాయిలు చేరితే ముగ్గురు మానేశారు. బ్యాట్ లేక కాదు, ఇంట్లో ‘ఆటలతో ఏమొస్తది’ అన్నందుకు. ఆ మాటకు కొత్త ప్యాడ్లు జవాబు చెప్పలేవు. పిల్లతోపాటు వాళ్లమ్మ కూడా ఒకరోజు మాతో వచ్చి, కోచ్ ఎలాంటివాడో, తోటి పిల్లలెవరో కళ్లారా చూస్తే చెప్పగలదేమో.

అందుకే గ్రూప్‌లో నా ప్లాన్ పెట్టాను. బాగా ఆడినవాళ్లనే కాదు, అందర్నీ తీసుకెళ్లాలి. మానేసిన ముగ్గురినీ పిలవాలి. అమ్మలకూ బస్సులో సీటు. పొద్దున్నే బయల్దేరి డ్యామ్, జింకల పార్కు చూసి, పులిహోర తిని, ఎండ ముదరకముందే వెనక్కి. రిజర్వాయర్‌లో మొసళ్లుంటాయి కాబట్టి నీళ్లలో దిగేది లేదు. ఆ రోజు ఎవరి బ్యాటింగ్ గురించీ క్లాస్ పీకకూడదు.

మీ ఊళ్లోనూ క్యాంప్ నడుపుతున్నారా? బడ్జెట్‌లో బంతుల ఖర్చు కిందే ‘పిల్లల టూర్’ అని ఒక లైన్ రాసుకోండి. మిగిలితే చూద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు.