మీరు వీరికేమగుదురు?

హైదరాబాదు నగరమున అమీరుపేట మొదలు గచ్చిబౌలి వఱకు ఏ వీధిని నడచినను, గేటులకు వ్రేలాడు టు-లెట్ బోర్డులపై నొక చిన్న పంక్తి తఱచుగ గానవచ్చును: కుటుంబములకు మాత్రమే. ఆ పంక్తిని దాటి లోపలి కడుగుపెట్టిన వానిని ఇంటి యజమాని యడుగు మొదటి ప్రశ్న జీతమును గూర్చినది గాదు, అడ్వాన్సును గూర్చినదియు గాదు. "మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారండీ?" అన్నదే. తెలుగువాని నోట నిది దుష్టప్రశ్న యని మేమనము. రైలుపెట్టెలో పరిచయమైన పది నిమిషములకే ఊరును పేరును గనుగొని, మేనత్త యాడపడుచు వైపున నెక్కడనో చుట్టఱికము తేల్చుకొని సంతోషించు జాతి మనది. కాని యీ ప్రశ్నకు నిజము చెప్పజాలని మనుష్యులు మన పట్టణములలో ననేకులు కలరు. వారిని గూర్చి యీ వారము వ్రాయదలచితిమి.

పురుషుని ప్రేమించు పురుషుని సంగతి మేము చెప్పుచున్నది. తమలో తాము వీరు గే అని చెప్పుకొందురు. పత్రికలు స్వలింగ ప్రేమికులని వ్రాయుచున్నవి. వీధులలో వాడు మాటల నిచట నుదాహరింప నక్కఱలేదు. అవి పాఠకు లెఱిగినవే. స్త్రీని ప్రేమించు స్త్రీ కష్టము ఇంతకంటె లోతైనది. దానిని వేఱుగ వ్రాయవలసియున్నది.

మన భాష చుట్టఱికపు మాటల గని. అక్కచెల్లెండ్రను పెండ్లాడినవారు తోడల్లుండ్రు. అన్నదమ్ముల భార్యలు తోడికోడండ్రు. పిల్లనిచ్చి పుచ్చుకొన్నవారు వియ్యంకులు. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టుకొన్న చోట మనకు బావయు, మఱదియు, బావమఱదియు, షడ్డకుడును గలరు. ఇంతటి సంపద గల భాష, ఒకే కప్పు క్రింద ఇరువదియేండ్లు కాపురముండి, జ్వరము వచ్చిన నాడు ఒకరికొకరు గంజి కాచి పోసుకొన్న యిద్దఱు పురుషుల కొక్క వరుసయైనను బెట్టలేదు. కావున వారు పైనుండి తెచ్చుకొన్న మాటతో గాలము గడుపుచున్నారు: రూమ్మేటు. ఇరువదియైదేండ్ల వయసున నీ మాట చక్కగ చెల్లును. నలువది దాటినవాడు "మా రూమ్మేటండీ" యన్నచో వినువాడు వాని నొకసారి తేఱిపాఱ జూచును. ఏబది దాటిన పిమ్మట నా మాట యెవ్వరు నమ్మరు; చెప్పువాడు సైతము మెల్లగనే చెప్పును.

గుంటూరు జిల్లాలోనో కరీంనగరు జిల్లాలోనో పుట్టి, ఇంజనీరింగు చదివి, మాధాపురమున నుద్యోగమున జేరిన యొక యువకుని దలచుకొనుడు. అతడును అతని నేస్తగాడును రెండు గదుల ఫ్లాటులో నుందురు. ఇంటి బాడుగ, పాలు, గ్యాసు, పనిమనిషి జీతము, అన్నియు సంసారపు లెక్కలే. ఊరినుండి తల్లిదండ్రులు వచ్చుచున్నారన్న కబురు వచ్చినంతనే, రెండవ గదిలో నెన్నడును వాడని మంచమునకు దుమ్ము దులిపి దుప్పటి పఱతురు. గోడమీది ఫోటో పెట్టెలోనికి బోవును. సంక్రాంతికి ఇద్దఱును చెఱియొక బస్సెక్కి చెఱియొక యూరికి బోదురు. భోగి నాటి రాత్రి, ఇంటినిండ చుట్టములుండగా, అతడు డాబామీదికి బోయి గొంతు తగ్గించి ఫోనులో మాటలాడి, తీరికగ క్రిందికి దిగివచ్చి, ఆఫీసు పనియని చెప్పును. ఇది గొప్ప దుఃఖమని మేమనము. చిన్న చిన్న యబద్ధముల మూట యది. కాని యా మూటను దినమును దించకుండ మోయుటకు గావలసిన బలమెంత? ఇదే బలము వేఱు పనికి వినియోగమైనచో నతడెంతటివాడై యుండునో?

మొన్నమొన్నటి వఱకు ఇట్టివారికి ఒకరినొకరు గనుగొనుటయే గగనము. చీకటిపడిన తోటలు, రైలు స్టేషనుల చివరి ప్లాటుఫారములు, వానితోపాటు పోలీసువాని లాఠీ: ఇదియే వారి లోకము. ఇప్పుడు చేతిలో ఫోను వచ్చినది, దానితో స్నేహములు వచ్చినవి, స్నేహము నటించి గదికి బిలిచి, కొట్టి, సొమ్ము లాగికొను ముఠాలును వచ్చినవి. దెబ్బతిన్నవాడు ఠాణాకు బోవలెనన్న మొదట తన గుట్టు విప్పవలెను. కావున దొంగకే ధైర్యము. కాని మంచి మార్పులును గలవు. కలకత్తాలో 1999లో కొద్దిమందితో మొదలైన ప్రైడ్ నడక 2013లో హైదరాబాదు వీధులకును వచ్చినది. బంజారాహిల్సులోని లామకాన్ వంటి బహిరంగ స్థలములలో సినిమాలు చూచుట, కవితలు చదువుట, కూడి మాటలాడుట జరుగుచు వచ్చినవి. రంగురంగుల జెండాలును డప్పులును మా స్వభావమునకు అంతగ సరిపడవని యొప్పుకొందుము; అయినను బోనాలకును వినాయక నిమజ్జనమునకును మనము డప్పు కొట్టుటలేదా యని యొక మిత్రుడడిగినప్పుడు మాకు బదులు తోచలేదు. మా ఫిర్యాదు వేఱు. ఈ గోష్ఠులలో తెలుగు వినబడుట మిక్కిలి తక్కువ. నల్లగొండనుండి తెలుగు మాధ్యమమున చదివి వచ్చి, కొరియరు సంచి మోయుచు దినము గడుపు కుఱ్ఱవాడు ఆ గుమ్మమువఱకు వచ్చి, లోపలి యింగ్లీషు విని, వెనుకకు మఱలిపోవును. అతని కతని భాషలో "నీవొక్కడవే కావు" అని చెప్పువారెవ్వరు?

చెప్పువారు లేనందున వానికి పెండ్లి చేయుదురు. ఇచట మా పాఠకులు, ముఖ్యముగ కూతుండ్రు గల తండ్రులు, కొంచెము నిలిచి యాలోచింపవలెను. "పెండ్లియైన వెనుక నన్నియు సర్దుకొనును" అను మాటను నమ్మి, ఏ పాపము నెఱుగని యొక యాడపిల్లను తెచ్చి, వాని గదిలో వదలుదురు. ఆమె రెండేండ్లు తనలో లోపమేమో యని తన్ను తాను పరీక్షించుకొనును. అత్తగారు సంతానమున కని గుళ్ళకును వైద్యులకును త్రిప్పును. నిజము తెలిసిన నాటికి కట్నకానుకలతోపాటు ఆమె ప్రాయమును గడచిపోయియుండును. ఒక్క అబద్ధము రెండు బ్రతుకులను మ్రింగినది. పరువు కొఱకు చేసిన యీ కార్యమున బరువంతయు మోసినది, పరువుతో నే సంబంధము లేని పరాయి యింటి పిల్ల. కొందఱు పెండ్లికి మాఱుగ కొడుకును "మార్చు" వైద్యుల కడకు గొనిపోవుదురు. అట్టి చికిత్స చేయుట వైద్యవృత్తికి విరుద్ధమైన దుష్ప్రవర్తన యని జాతీయ వైద్య కమిషను 2022లోనే ప్రకటించినది. జబ్బు గాని దానికి మందు లేదు.

ఇదంతయు పడమటి దేశములనుండి దిగుమతియైన జాడ్యమని తలచువారు మనలో జాలమంది గలరు. ఓడనెక్కి వచ్చినది ప్రేమ గాదు, శిక్ష. మెకాలే అధ్యక్షతన 1837లో చిత్తుపడి, 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుండి అమలైన పీనలుకోడున 377వ సెక్షనుగ, యావజ్జీవ ద్వీపాంతరవాసము వఱకు బోగల శిక్షతో నది మన నెత్తిన పడినది. అంతకు బూర్వము వాత్స్యాయనుడు ఈ సంగతిని తన గ్రంథమున నుద్రేకము లేకుండ వర్ణించినాడు. మనుస్మృతి పురుషుల యెడ విధించిన ప్రాయశ్చిత్తము కట్టుబట్టలతో స్నానము. మనువు దయాళువని మా వాదముగాదు. కన్యల విషయమున ఆయన విధించిన శిక్ష క్రూరమైనదే. కాని తడిబట్టలకును ద్వీపాంతరమునకును గల దూరమును పాఠకులే కొలుచుకొందురుగాక. అంతటితో నయ్యెనా? ఇంగ్లీషువాడు తన యింట నీ నేరమును 1967లో తీసివైచుకొనెను. మనము 1947లో వానిని పంపివైచియు, వాడు విడిచిపోయిన యీ కొరడాను మఱి డెబ్బదియొక్క యేండ్లు మన ధర్మమని కాపాడితిమి.

ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న నా కొరడాను విఱిచినది. సుప్రీముకోర్టు 2013 డిసెంబరు 11న నతికించినది. నాలుగేండ్ల పైచిలుకు కాలము నేరస్థులు గానివారు ఒక్క యుదయమున మరల నేరస్థులైరి. ఇట్టి వింత మన న్యాయచరిత్రలో నరుదు. తుదకు 2018 సెప్టెంబరు 6న నైదుగురు న్యాయమూర్తు లేకగ్రీవముగ, ఇష్టపడిన వయోజనుల ప్రేమ నేరము గాదనిరి. వారిలో నొకరైన ఇందూ మల్హోత్రా చరిత్ర యీ జనులకు క్షమాపణ చెప్పుకొనవలసియున్నదని వ్రాసిరి. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నా సెక్షనే లేదు. దానితోపాటు బలాత్కారమునకు గుఱియైన పురుషునికి గల యొక్క రక్షణయు మాయమైనది. పాతబట్టను పాఱవేయుచు దానిలో ముడివైచిన రూకను గూడ పాఱవేసినట్లున్నది.

నేరము పోయినది, వరుస రాలేదు. హైదరాబాదున కాపురమున్న సుప్రియో, అభయ్ అను నిద్దఱు 2021 డిసెంబరులో బంధుమిత్రుల నడుమ నగరపు శివార్లలో నుంగరములు మార్చుకొని వేడుక చేసికొనిరి. ఆ వివాహమునకు చట్టపు గుర్తింపు కోరుచు వారు వేసిన యర్జీ సుప్రియో పేరుననే దేశమున ప్రసిద్ధమైనది. 2023 అక్టోబరు 17న సుప్రీముకోర్టు, వివాహము ప్రాథమిక హక్కు గాదనియు, ఈ పని శాసనసభలదనియు తీర్పు చెప్పినది. 2025 జనవరిలో పునర్విచారణయు నిరాకరింపబడినది. పెండ్లి వాదమును మేమిప్పుడు మరల తవ్వదలచుకొనలేదు. కాని పెండ్లి లేని యింట జబ్బును చావును రాకుండ నాగునా?

వీలునామా వ్రాయక మరణించిన హిందూ పురుషుని యాస్తి యెవరిదో 1956 నాటి చట్టము వరుసగ జెప్పినది. తొలుత బిడ్డలు, భార్య, తల్లి. పిమ్మట తండ్రి, తోబుట్టువులు, తదితరులు. వారును లేనిచో తండ్రివైపు జ్ఞాతులు, ఆపైని తక్కిన బంధువులు. ఎవ్వరును లేనిచో సర్కారు. మొగము చూచి యెఱుగని ఏడవతరపు జ్ఞాతికి జాబితాలో జోటున్నది. సర్కారునకును జోటున్నది. చివరి గ్రుక్కెడు నీరు పోసినవానికి లేదు. 1952 నాటి భవిష్యనిధి పథకమున, ఆధారపడిన తల్లిదండ్రులున్న యుద్యోగి కుటుంబము వెలుపలివాని పేరు వ్రాసినచో నది చెల్లదనిరి. కావున ఈ పత్రిక చదువు నట్టివారెవరైన నున్నచో, వెంటనే వీలునామా వ్రాసి రిజిస్టరు చేయించుకొనుడని మా హితవు.

కేంద్ర ప్రభుత్వము 2024లో కొంత కదలినది. ఇట్టి జంటలు కలిసి బ్యాంకు ఖాతా తెఱచుటకు, ఒకరి నొకరు నామినీగ వ్రాసికొనుటకు అడ్డులేదని ఆగస్టులో తెలిపినది. రేషను కార్డున నొకే కుటుంబముగ నెంచుడనియు, దగ్గఱి బంధువులు లేనప్పుడు మృతదేహమును సహచరున కప్పగింపుడనియు రాష్ట్రములకు వ్రాసినది. చివరి మాటను మరల చదువుడు: దగ్గఱి బంధువులు లేనప్పుడు. ఇరువదియేండ్లు పలుకరింపని యన్న వచ్చి మార్చురీ తలుపున నిలుచున్నచో, సహచరుడు ప్రక్కకు దప్పుకొనవలసినదే.

ఆసుపత్రి కౌంటరు నొద్దను ఇదే కథ. అర్ధరాత్రి గుండెనొప్పితో తెచ్చినవాడు లోపల నుండగా, తెచ్చినవానిని నర్సు అడుగును: "పేషెంటుకి మీరేమవుతారు?" తమ్ముడననా, మేనబావననా, రూమ్మేటననా యని యతడు తడుముకొనుచుండగా లోపల నిమిషములు గడచుచుండును. ఇందుకు విరుగుడు మన చట్టములలోనే యొక మూల గలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, వయసు వచ్చిన ప్రతి మనుష్యుడును తనకు నచ్చినవానిని ప్రతినిధిగా నియమించుకొనవచ్చు నన్నది. రక్తసంబంధ మడుగలేదు. తెల్లకాగితముపై వ్రాసి, సంతకమో వేలిముద్రయో వేసిన జాలునన్నది. మనోవ్యాధికి జెల్లునది గుండెజబ్బునకేల చెల్లరాదు? తెలంగాణ ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖలవారు, ప్రభుత్వాసుపత్రులతో మొదలుపెట్టి, అడ్మిషను కాగితమున "బంధువు పేరు, వరుస" యనుచోట "రోగి కోరినవారి పేరు" అని యచ్చువేయింపవలెనని మేము గోరుచున్నాము. ఇందుకు చట్టసభ సమావేశము కానక్కఱలేదు. క్రొత్త ఫారముల కట్ట యొకటి, ఒక సర్క్యులరును చాలును.