ఎర్రగడ్డ మన కంచంలోకీ రావాలి

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. మరి ఆ తల్లికి ఉల్లి ఎంత మేలు చేస్తోందో ఎప్పుడైనా ఆలోచించామా?

కడప, కర్నూలు సీమలో ఉల్లిని ఎర్రగడ్డ అంటాం. రాగిసంగటి పక్కన పచ్చి ఎర్రగడ్డ, జొన్నరొట్టెలోకి ఎర్రగడ్డ కారం ఉంటే వేరే కూర అక్కర్లేదు. మైదుకూరు చుట్టుపక్కల పండే కె.పి. రకం చిన్న గడ్డలైతే చెన్నై రేవులో ఓడలెక్కి పరదేశాలకు పోతాయి. చేలో కలుపు తీసేదీ, వంటింట్లో కళ్లు మండుతున్నా కోసేదీ చాలావరకు మనమే. తీరా వడ్డించేసరికి చీలికలు ఆయనకూ, పిల్లలకూ పోతాయి. 'మిగిలితే తిందాంలే' అనుకుంటాం. ధర పెరిగిందా, మొదటి కోత మన కంచానికే!

ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. 'ఆడజన్మ అంటే ఇంతే' అని సరిపెట్టుకుంటున్నాం.

మనం తినే జొన్న, రాగి, పప్పుల్లో ఇనుము ఉంది. అయితే ఆ గింజల్లోనే ఉండే ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచడం వల్ల ఒంటికి అందేది కొంచెమే. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన ఫలితాలు ఇక్కడే పనికొస్తాయి. ధాన్యాలకూ, పప్పులకూ ఉల్లి, వెల్లుల్లి కలిపి ప్రయోగశాలలో పరీక్షిస్తే ఇనుము, జింకు ఇంకా ఎక్కువగా విడుదలయ్యాయి. పచ్చివాటిలోనూ, ఉడికించిన వాటిలోనూ ఈ గుణం కనిపించింది. వంద గ్రాముల గింజలకు వాళ్లు కలిపిన ఉల్లి 15 నుంచి 30 గ్రాములే. అంటే ఒక చిన్న గడ్డ! సంగటి, ఎర్రగడ్డ జోడీ కుదిర్చిన మన అవ్వలు తెలివైనవాళ్లే.

ఇంకొన్ని సంగతులు. ఉల్లిలోని పీచు పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారం. మేలుచేసే క్వెర్సెటిన్ పైపొరల్లోనే ఎక్కువ. కాబట్టి ఎండు పొట్టు వరకే తీయండి, లోపలి పొరలు పారేయకండి. చీలికల మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఇంకా బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ లాభం పోతుంది.

అలాగని ఎర్రగడ్డ మందు కాదు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. ఛాతీలో మంట, కడుపుబ్బరం ఉన్నవాళ్లు పచ్చిది తగ్గించుకోవాలి. జేబులో గడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకంతో ఎండన పడొద్దు. దానికి నీళ్లు, నీడ కావాలి. మనిషి సోలిపోతే ఒళ్లు తడిపి చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ రాత్రి వడ్డించేటప్పుడు రెండు చీలికలు ముందే మన కంచంలో వేసుకుందాం. కోసేటప్పుడు కన్నీళ్లు ఎలాగూ మనవే, దాని మేలు కూడా మనకు దక్కనిద్దాం.