తొమ్మిదవ మేఘము

విద్యార్థుల వ్యాసములు దిద్దునపుడు ఒక వాక్యము మాకు పదేపదే కంటబడుచున్నది: "పరీక్షలో నెగ్గినందున నేను తొమ్మిదవ మేఘముమీద ఉంటిని." ఇది 'ఆన్ క్లౌడ్ నైన్' అను ఆంగ్ల నుడికారమునకు మక్కికి మక్కి తెలుగు. పట్టరాని సంతోషమున ఉన్నాడని ఆంగ్లమున దాని భావము. తెలుగున దానికి భావమే లేదు.

తొమ్మిదే ఎందుకని పిల్లలు అడుగుట సహజము. 1896లో వెలువడిన అంతర్జాతీయ మేఘపటముల గ్రంథమున పది రకముల మేఘములకు వరుససంఖ్య లిచ్చిరి. అందు తొమ్మిదవది 'క్యుములోనింబస్', మిక్కిలి ఎత్తుకు పెరుగు ఉరుముల మబ్బు. నుడికారము దానినుండియే పుట్టినదని పలువురు చెప్పుదురు. మాకంత నమ్మకము లేదు. 1935లో అమెరికాలో అచ్చయిన నేరగాండ్ర యాసమాటల నిఘంటువులో ఉన్నది ఎనిమిదవ మేఘము; దాని అర్థమో, త్రాగి మైకమున ఉండుట! ఏడవ మేఘమనియు వాడినవారు కలరు. తొమ్మిది స్థిరపడుట తరువాతి మాట. 'సెవెంత్ హెవెన్' అను మరియొక నుడికారము మాత్రము మనకు అంత దూరము కాదు. భూలోకము మొదలు లెక్కించినచో మన సత్యలోకమును ఏడవదే.

అయినను మబ్బునెక్కి సంతోషించుట గంజాము తీరవాసులకు ఎట్లొప్పును? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటిన రాత్రిని ఎరిగినవారికి మబ్బు పేరు చెప్పిన గుండె జల్లుమనును. (ఆషాఢమున వానకు ఎదురుచూచు రైతు సంగతి వేరు. అతడును మబ్బు క్రిందనే ఉండగోరును గాని పైన కాదు.)

మనకు మాటలు కరవా? ఏనుగెక్కినంత సంబరమందుము. ఉబ్బితబ్బిబ్బయినాడందుము. కాలు నేల నానలేదందుము. పొరుగింటి ఒడియావారు 'ఆనందరే ఆత్మహరా' అందురు; ఆనందమున తన్ను తాను మఱచుట యని. ఈ మూడు భాషల నుడులను ప్రక్కప్రక్కన నుంచి చూడగల భాగ్యము బరంపురపు బిడ్డలది. రాజమహేంద్రవరపు బిడ్డకు అది లేదు.

1936 ఏప్రిల్ 1న గంజాములో అధికభాగము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. నాటినుండి ఇచ్చట తెలుగునకు ఇల్లును బడియుే ముఖ్యాధారములు. ఇట్టి చోట భాషలో మొదట జారిపోవునది నుడికారమే యని మా అభిప్రాయము. పదము నిఘంటువులో దొరకును. ఏ పదము ఏ వేళకు తగునో అవ్వ నోటనే దొరకును. కావున తల్లిదండ్రులకు మా మనవి యొకటి. బిడ్డ ఆంగ్లమున క్లౌడ్ నైన్ అనిన సంతోషింపుడు, అది నేర్వదగినదే. ఆ వెంటనే "దీనిని మన యింట ఏమందుము?" అని అడుగుడు. మీ పెద్దలు చెప్పిన మాటను విద్యార్థులు వ్రాసి పంపిన యెడల, రాబోవు సంచికలో వారి పేరుతో ప్రకటింతుము.