ఒకే బేరింగు, రెండు లెక్కలు

డేటాబేసులోని వరుసలను జావా ఆబ్జెక్టులుగా అందించే హైబర్నేట్ అను సాధనమును గత సంచికలో పరిచయం చేశాము. 2001లో గావిన్ కింగ్ ఆరంభించిన ఈ సాధనం మా విభాగానికి ఎంతో శ్రమ తగ్గించిన మాట వాస్తవము. అయితే దానితో మేము పడిన ఒక చిక్కును కూడా పాఠకుల ముందుంచుట ధర్మమని తలచాము.

వార్షిక మరమ్మతులకు ముందు స్టోర్సు కొరకు ఒక ప్రోగ్రాము వ్రాశాము. ఇండెంట్లలో కోరిన విడిభాగాల సెట్ నుండి నిల్వ ఉన్నవాటిని తొలగించి, మిగిలినవాటికి మాత్రమే కొనుగోలు ప్రతిపాదన తయారుచేయుట దాని పని. తొలి ప్రతిపాదన అందిన రోజుననే స్టోర్‌కీపరు గారు వచ్చి, "అయ్యా, అరలో ఆరు బేరింగులుండగా మళ్లీ ఆరు కొనమంటున్నదేమిటి?" అని అడిగారు. కోడు ఒకటే, వస్తువు ఒకటే. ప్రోగ్రాము మాత్రం రెండూ వేరన్నది.

నిల్వ జాబితాలోనివి అసలు ఆబ్జెక్టులు. ఇండెంటు ద్వారా వచ్చినవి ప్రాక్సీలు. అవసరపడే వరకు డేటాబేసు జోలికి పోకుండుటకై హైబర్నేట్ అసలు క్లాసుకు ఒక సబ్‌క్లాసును అప్పటికప్పుడు సృష్టించి, దాని ఆబ్జెక్టును ప్రతినిధిగా నిలుపుతుంది. సెలవులో ఉన్న అధికారి బల్ల వద్ద కూర్చున్న ఇన్‌చార్జి వంటిదన్నమాట. ఒకే సెషనులో ఒక వరుసకు ఒకే ఆబ్జెక్టు లభిస్తుంది. మా జాబితాలు రెండు వేర్వేరు సెషన్లలో చదివినవి.

మా ఈక్వల్స్ మెథడు మొదట గెట్‌క్లాస్‌తో ఇరువురి క్లాసులను పోల్చేది. "ఈ ప్రాక్సీ నీతో సమానమా?" అని అసలును అడిగితే, క్లాసు వేరు కనుక కాదన్నది. అదే ప్రశ్న ప్రాక్సీని అడిగితే, అది తన వెనుకనున్న అసలుకు అప్పగించి, అవునన్నది! ఎటునుండి అడిగినా జవాబు ఒకటే ఉండాలన్న జావా నియమం అక్కడ భంగమైనది. మా పరీక్షలన్నీ రెండవ వైపునుండే చేశాము, లోపం మాదే.

గెట్‌క్లాస్ బదులు ఇన్‌స్టాన్స్‌ఆఫ్ వాడాము. అయినను ఫలితం మారలేదు. ఎదుటి ఆబ్జెక్టు ఫీల్డును నేరుగా చదువుతున్నాము. ప్రాక్సీ సొంత ఫీల్డులు ఖాళీ. గెట్‌కోడ్ మెథడు ద్వారా అడిగిన పిదపనే నిజమైన విలువ వచ్చినది.

పోలికకు డేటాబేసు కేటాయించే ఐడీ చాలదా అని ఒక యువ మిత్రుడు అడిగారు. డేటాబేసులో చేర్చక ముందు ఆ ఐడీ ఉండదు. హాష్‌కోడు దానినుండి లెక్కిస్తే, సెట్‌లో వేసిన తరువాత మారిపోయి, వస్తువు లోపలనే ఉండి కూడా దొరకదు. మెటీరియల్ కోడు మారదు, ఒకటికి రెండుండవు, దానికే కట్టుబడ్డాము.

సవరించిన ప్రతిపాదనలో ఆ బేరింగులు లేవు. స్టోర్‌కీపరు గారు మాత్రం నేటికీ అరలు స్వయంగా చూచిన పిదపనే సంతకం చేస్తున్నారు. మేము అభ్యంతరం చెప్పలేదు.