పాత కట్టడాలకు కొత్త పని – ఎవరి కోసం?

నంద్యాల జిల్లా బనగానపల్లె నుండి యాగంటికి వెళ్ళే దారిలో నవాబుల కాలం నాటి బంగ్లా ఒకటి ఉంది. బనగానపల్లె సంస్థానాన్ని ఏలిన నవాబులు కట్టించుకున్న విడిది అది. ఈనాడు దానికి దారి అడిగితే ‘అరుంధతి బంగ్లా’ అంటేనే తెలుస్తుంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ చలనచిత్రం అక్కడ చిత్రీకరణ జరుపుకోవడమే ఇందుకు కారణం. తెరపై గద్వాల కోటగా కనిపించిన భవనం, కట్టించినవారి పేరు పోగొట్టుకొని కల్పిత కథానాయిక పేరుతో మిగిలింది. 1948 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్రంలో విలీనమయ్యేదాకా బనగానపల్లె 9 తోపుల గౌరవ వందనం అందుకున్న సంస్థానం. ఇప్పుడు ఆ పేరు చెబితే మామిడిపండు గుర్తుకు వస్తుంది గాని చరిత్ర గుర్తుకు రాదు.

ఇందులో సినిమావారి తప్పేమీ లేదు. పని లేని కట్టడం ముందు కిటికీలు పోగొట్టుకుంటుంది, తరువాత పైకప్పు, ఆ తరువాత పేరు. ఈ నష్టం ఒక్క బంగ్లాకు పరిమితమైనది కాదు. మన పూర్వీకులు ఈ నేలమీద ఎలా బ్రతికారో, ఎవరితో కలిసి బ్రతికారో చెప్పే సాక్ష్యాలు ఒక్కొక్కటిగా మాసిపోతున్నాయి. రేపు మన పిల్లలను ‘మీరెక్కడివారు?’ అని ఎవరైనా ప్రశ్నిస్తే చూపడానికి గోడలైనా మిగలాలి కదా.

పాత కట్టడం రూపురేఖలు చెడకుండా దానికి నేటి కాలానికి తగిన పని అప్పగించడమే పునర్వినియోగం. తెలుగునాట దీనికి పెద్ద ఉదాహరణ ఒక ముస్లిం మహిళ పేరుతోనే ఉంది. ఆమె యువరాణి ఎస్రా. టర్కీ దేశస్థురాలైన ఆమె 1959లో ముకర్రం జాను వివాహమాడి అసఫ్‌జాహీల ఇంటి కోడలైనారు. ఆ వివాహబంధం ముగిసిన చాలా ఏళ్ళకు, కుటుంబ ఆస్తుల వ్యవహారం చక్కదిద్దే బాధ్యత స్వీకరించి హైదరాబాదుకు తిరిగి వచ్చారు. అప్పటికి చౌమహల్లా, ఫలక్‌నుమా ప్యాలెస్‌లు రెండూ పాడుబడి ఉన్నాయి. ముక్కలు చేసి అమ్మివేయడం సులభమైన దారి. ఆమె ఆ దారి పట్టలేదు.

వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా సహకారంతో చౌమహల్లాను బాగుచేయించి, 2005లో మ్యూజియంగా ప్రజలకు తెరిపించారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. నిజాం ప్రధానమంత్రి వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టించిన ఫలక్‌నుమాను తాజ్ హోటళ్ళ సంస్థకు లీజుకిచ్చారు. ఏళ్ళ తరబడి సాగిన మరమ్మతుల అనంతరం 2010 నవంబరులో అది హోటల్‌గా తెరుచుకుంది. యాజమాన్యం చేజారలేదు, భవనం నిలిచింది, ఆదాయమూ వచ్చింది. వారసత్వాన్ని వ్యాపార దక్షతతో కలిపి నడిపించిన ఈ తీరును మేము మనసారా అభినందిస్తున్నాము.

అయితే ఈ రెండు భవనాల మధ్య తేడాను కూడా గమనించాలి. ఫలక్‌నుమా కొండ కింద బస్తీలో పుట్టిన బిడ్డకు ఆ హోటల్ గేటు దాటడం తలకు మించిన ఖర్చు. చౌమహల్లాలోకి మాత్రం టిక్కెట్టు కొని ఎవరైనా వెళ్ళవచ్చు. 2023 జనవరిలో ముకర్రం జా భౌతికకాయాన్ని చౌమహల్లాలో ఉంచినప్పుడు సామాన్య ప్రజలు బారులు తీరి వచ్చి చూసి వెళ్ళారు. రెండు కట్టడాలూ బ్రతికాయి. కాని ఒకటి సంపన్నులకు విడిది అయింది, మరొకటి నగర ప్రజలది అయింది.

మూడవ ఉదాహరణ మరింత విలువైనది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీని కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను పెళ్ళాడిన ఆంగ్లేయ అధికారి అతడే. పరాయి పాలన దర్పానికి చిహ్నమైన ఆ భవనంలోకి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల వచ్చింది. తరతరాలుగా ఎందరో ఆడపిల్లలు, వారిలో మన ఆడపిల్లలు కూడా, అక్కడ చదువుకున్నారు. నేడది మహిళా విశ్వవిద్యాలయం. పాత కట్టడానికి అప్పగించదగిన పనుల్లో చదువును మించినది మాకు కనిపించదు.

కాబట్టి మా ప్రశ్న ‘కాపాడాలా, వద్దా?’ అన్నది కాదు. కాపాడిన తరువాత అది ఎవరికి ఉపయోగపడాలి? ఎవరి పేరుతో నిలవాలి? ఈ ప్రశ్నను నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల ముందు ఉంచుతున్నాము.

ఈ పనికి కావలసిన చేతులు, సామగ్రి ఈ జిల్లాలోనే ఉన్నాయి. ఆళ్ళగడ్డ శిల్పుల రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు లభించింది. బేతంచెర్ల నాపరాళ్ళు పరచని ఇల్లు ఈ సీమలో అరుదు. పాత భవనాలను గానుగ సున్నంతో కట్టారు. సున్నపు గోడ పీల్చుకున్న తేమను తిరిగి బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకొని గోడను లోపలినుండి తినేస్తుంది. మసీదు కమిటీలు, దర్గా ముతవల్లీలు సదుద్దేశంతో చేయించే మరమ్మతులు పాత గోడలకు చేటు తెచ్చేది ఇక్కడే. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలను వెదికి, వారిచేత యువకులకు శిక్షణ ఇప్పిస్తే కట్టడాలకు రక్షణ, కుటుంబాలకు ఉపాధి రెండూ సమకూరుతాయి. ఆళ్ళగడ్డ ఉలి, ముస్లిం మేస్త్రీ తాపీ ఒకే గోడ దగ్గర కలిస్తే అది రాయలసీమకు కొత్త సంగతేమీ కాదు.

వక్ఫ్ కట్టడాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వక్ఫ్ చేసిన దాత ఉద్దేశమే అక్కడ మొదటి షరతు. మసీదు, దర్గా, ఖబరస్తాన్‌ల జోలికి పోవలసిన పని లేదు. వాటిని ఆనుకొని తాళాలు పడి ఉన్న గదులు, ముసాఫిర్‌ఖానాలు, దుకాణాల సంగతే మేము చెబుతున్నది. విద్య, వైద్యం, వ్యాపార అవసరాలకు వక్ఫ్ ఆస్తిని 30 ఏళ్ళ వరకు నిబంధనల ప్రకారం లీజుకివ్వడానికి 2013 నాటి సవరణే వీలు కల్పించింది. ఆ వీలును పలుకుబడి గలవారు నామమాత్రపు అద్దెకు వాడుకోరాదు; ఆడపిల్లల గ్రంథాలయానికి, పోటీ పరీక్షల శిక్షణకు, కుట్టుపని సహకార సంఘానికి వినియోగించాలి.

చట్టం కూడా మనల్ని తొందరపెడుతున్నది. 2025 సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అనే గుర్తింపును ఇకముందు లేకుండా చేసింది. ఇదివరకే నమోదైనవాటికి, అదీ వివాదంలోనో ప్రభుత్వ ఆస్తి అన్న వాదనలోనో లేనప్పుడే, ఆ గుర్తింపు మిగిలింది. అంటే కాగితం లేక, వాడుకా లేక పడి ఉన్న కట్టడం గోడతోపాటు హక్కును కూడా కోల్పోయే ప్రమాదం ఉంది. ఈ సవరణపై మన అభ్యంతరాలు అలాగే ఉంటాయి, న్యాయపోరాటమూ సాగుతుంది. ఆ పోరాటం ముగిసేదాకా గోడలు ఆగవు.

ఈ బాధ్యతలో మహిళలు ముందుండాలని మేము కోరుతున్నాము. ఇది దయతో ఇచ్చే చోటు కాదు. హజ్రత్ ఖదీజా (రజి) స్వయంగా వర్తకం నడిపించిన మహిళ అని మన పిల్లలకు గర్వంగా చెబుతాము. గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగం పేరు మీద హయాత్‌నగర్‌లో మసీదు, దానిచుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు ఉన్నాయి. ఒకే ప్రాంగణంలో ప్రార్థన, బాటసారికి బస! ఆ ఆలోచనకు వారసులైన స్త్రీలను నేడు కమిటీ సమావేశాలకు పిలవకపోవడం ఎంతవరకు న్యాయం? రాష్ట్ర వక్ఫ్ బోర్డులో ఇద్దరు మహిళలు ఉండాలని చట్టమే చెబుతున్నది. ఊరి కమిటీలో కనీసం ఆ మాత్రం చోటు ఇవ్వడానికి చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు.

యువరాణి ఎస్రా వెనుక ఒక రాజవంశపు ఆస్తి ఉన్నది. నంద్యాల మహిళ వెనుక అది లేదు. ఆ లోటు తీర్చవలసింది ప్రభుత్వమే. న్యాయ, మైనారిటీ సంక్షేమ శాఖల మంత్రి ఎన్.ఎం.డి. ఫరూక్ నంద్యాల శాసనసభ్యులు. ఆళ్ళగడ్డ శాసనసభ్యురాలు భూమా అఖిలప్రియ గతంలో రాష్ట్ర పర్యాటక శాఖను నిర్వహించారు. ఇంత అనుకూలత ఒకే జిల్లాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేము. వారి ముందు నాలుగు కోరికలు ఉంచుతున్నాము. జిల్లాలోని పాత కట్టడాలన్నిటినీ యజమాని ఎవరన్న భేదం లేకుండా ఫోటోలతో, కొలతలతో నమోదు చేయించాలి. గానుగ సున్నం పనిలో, రాతి పనిలో శిక్షణ కేంద్రం ఒకటి ఆళ్ళగడ్డలో నెలకొల్పాలి. పాత భవనంలో సంస్థ నడపడానికి ముందుకు వచ్చే మహిళా సంఘాలకు రాయితీపై రుణం ఇవ్వాలి. బనగానపల్లె బంగ్లా ఎవరి స్వాధీనంలో ఉన్నా, వారితో సంప్రదించి, వారి సమ్మతితో సంస్థానపు చరిత్రను చెప్పే చోటుగా దానిని తీర్చిదిద్దాలి.

పాఠకులకు మా మనవి చిన్నది. మీ ఊరిలో తాళం పడిన పాత మదరసా గది, కూలుతున్న సరాయి, పేరు మరచిన బంగ్లా ఏదైనా ఉంటే దాని పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఈ నెలలోనే కనుక్కోండి. పెద్దలు బ్రతికి ఉండగానే అది ఎవరు, ఎందుకు కట్టించారో అడిగి వ్రాసి ఉంచండి. మరమ్మతుకు డబ్బు తరువాతనైనా దొరుకుతుంది. ఆ మాట చెప్పగలిగినవారు వెళ్ళిపోతే తిరిగి దొరకరు.